పోని వాచీకి దొరికిన దొంగ: ఎనిమిదో క్లాసుకి పోలీసు, కోర్టు పాఠం చెప్పిన నా అనుభవం

శ్రీకాకుళం జిల్లాలో, రాత్రిపూట సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉన్న ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తా నేను. ఊరి పేరు రాయను, ఎందుకో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది. మా పిల్లల్లో సగం మంది మత్స్యకారుల ఇళ్ల నుంచి వస్తారు, మిగతావాళ్లు జీడితోటలు, మొక్కజొన్న, వరి చేసుకునే ఇళ్ల నుంచి, కొందరి అమ్మానాన్నలు పైడిభీమవరం వైపు కంపెనీల్లో కాంట్రాక్టు పనికి వెళ్తారు. ఎనిమిదో క్లాసులో 38 మంది.

సివిక్స్ లో కోర్టులు, పోలీసుల పాఠం ఎలా చెప్తామో మా సోషల్ వాళ్లందరికీ తెలుసు కదా. బోర్డు మీద మూడు మెట్లు గీసి కింద జిల్లా కోర్టు, పైన హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు అని రాసి, సివిల్ కి క్రిమినల్ కి తేడా అని ఒక టేబుల్ కొట్టి, ఇది నాలుగు మార్కులకి వస్తుంది రాసుకోండిరా అనేసి తర్వాత పాఠానికి వెళ్లిపోవడమే. పద్నాలుగేళ్లు నేనూ అదే చేశా, సిగ్గేమీ పడలేదు, రిజల్ట్ బాగానే వచ్చేది.

పోయిన ఏడాది దసరా సెలవులు అయ్యాక ఆ పాఠం మొదలుపెట్టా. పాత నోట్సు తీస్తే అందులో అంతా ఐపీసీ, సీఆర్పీసీ, పాత సాక్ష్యచట్టం. అవి 2024 జులై 1 నుంచి లేవు, వాటి బదులు భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయని పేపర్లో చదివా గానీ లోపల ఏముందో నాకేం తెలుసు. మా బావమరిది శ్రీకాకుళంలో వకీలు, వాడికి ఫోన్ చేస్తే "బావా, మేమే ఇంకా పాత నంబర్లు పక్కన రాసుకుని వాదిస్తున్నాం, నువ్వు పిల్లలకి నంబర్లు చెప్పకు, పని ఎలా జరుగుతుందో చెప్పు" అన్నాడు. ఆ మాట పట్టుకున్నా. కానీ నంబర్లు చెప్పకుండా ఎక్కడ కుదురుతుంది, పిల్లలకి సినిమాల పుణ్యమా అని 302 అంటే హత్య, 420 అంటే మోసం అని అప్పటికే వచ్చు. ఇప్పుడు హత్య 103, మోసం 318 రా అంటే వెనక బెంచీ వాడొకడు "అయితే ఇకమీదట 318 గాడని తిట్టాలా సార్" అన్నాడు, ఆ వారమంతా స్కూల్లో అందరూ ఒకర్నొకరు 318 గాడనే పిల్చుకున్నారు. ఒక రకంగా అదే నా మొదటి సక్సెస్.

మొదటిరోజు పుస్తకం తెరవలేదు. పోలీసు అంటే మీకేటి గుర్తొస్తాదో ఒక్కో మాట చెప్పండి అని బోర్డు మీద రాసుకుంటూ పోయా. లాఠీ, జీపు, హెల్మెట్ ఫైను, గంజాయి, ఇసక ట్రాక్టరు, 112, తిట్లు, తుఫాను వచ్చినప్పుడు మైకులో ఊరు ఖాళీ చేయమని చెప్పేవోళ్లు, పైడితల్లి జాతర బందోబస్తు. ఒకమ్మాయి "మా అక్క" అంది, వాళ్లక్క కానిస్టేబుల్ సెలక్షన్ కి పరుగు ప్రాక్టీసు చేస్తోంది. కోర్టు అంటే ఏటి గుర్తొస్తాది అంటే మాత్రం నల్లకోటు, సుత్తి, ఆర్డర్ ఆర్డర్, కళ్లగంతల బొమ్మ. అంతా సినిమానే. కోర్టు లోపలికి వెళ్లి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే ఎవరూ చెయ్యెత్తలేదు. అది అబద్ధమని తర్వాత తెలిసింది.

మూడోరోజు నేనొక తెలివైన పని చేశా. అంటే ఆ రోజుకి తెలివైందే అనుకున్నా. నేర పరిశోధన ఎలా చేస్తారో ఆడించి చూపిద్దామని, నా చేతి వాచీ తీసి ప్యాంటు జేబులో వేసుకుని, క్లాసులోకి వచ్చి "ఒరే ఇందాక టేబుల్ మీద పెట్టిన నా వాచీ పోయింది" అన్నా. ఒకమ్మాయిని ఎస్ఐని చేశా, ఇద్దర్ని కానిస్టేబుళ్లని చేశా. చెయ్యి వెయ్యకూడదు, అడగాలి, ఎవరేం చెప్పారో రాసుకోవాలి, సాక్ష్యం ఉంటేనే పేరు చెప్పాలి అని రూల్సు పెట్టా. చివర్లో వాచీ జేబులోంచి తీసి, చూశారా అసలు నేరమే జరగలేదు, ఫిర్యాదు వచ్చిందంటే నేరం జరిగినట్టు కాదు, ముందు అది తేల్చుకోవాలి అని చెప్పి చప్పట్లు కొట్టించుకుందామని నా ప్లాను.

ఇంతలో హెచ్ఎం గారు పిలిచారు. మధ్యాహ్న భోజనం ఫొటోలు యాప్ లో ఎక్కట్లేదు, మీరోసారి చూడండి అని. ఆ యాప్ గురించి రాస్తే ఇంకో పోస్టు అవుద్ది, వదిలేద్దాం. ఇరవై నిమిషాలు పట్టింది.

తిరిగి వచ్చేసరికి క్లాసంతా ఆఖరి బెంచీ చుట్టూ మూగి ఉంది. ఒక పిల్లాడు నిలబడి ఉన్నాడు. వాడి పేరు రాయను, మార్చి కూడా రాయను, వాడు అనే అంటా. వాడి బ్యాగు బెంచీ మీద బోర్లించేశారు, రెండు నోటుబుక్కులు, మూత ఊడిన జామెట్రీ బాక్సు, ఒక కాగితంలో చుట్టిన కోడిగుడ్డు, మధ్యాహ్నం భోజనంలోది. ఎస్ఐ పిల్ల నన్ను చూడగానే ఎగిరి గంతేసినంత పని చేసి "సార్ కేసు తేలిపోయింది, ఒప్పుకున్నాడు" అంది. వాచీ ఏదమ్మా అంటే "బాత్రూముల ఎనకాల తుప్పల్లో ఇసిరేసినాడంట సార్, కానిస్టేబుళ్లు ఎతుకుతన్నారు".

ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి. ఆ మాట వినగానే నా చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి వెళ్లింది. వాచీ అక్కడే ఉంది. ఎందుకు చూసుకున్నానో చెప్పండి? జేబులో నేనే వేసుకున్న వాచీ కదా. వాడి పేరు వినగానే, ఒక్క క్షణం, ఏమో తీసేసినా తీసేసుంటాడు అనుకున్నా. వాడి నాన్న మీద ఎప్పుడో ఏదో దొంగతనం కేసు ఉందని స్టాఫ్ రూంలో విన్న మాట నా బుర్రలో ఒక మూల ఉంది. పిల్లల బుర్రల్లోనూ ఉంది, అందుకే 38 మందిలో నేరుగా వాడి దగ్గరికే వెళ్లారు.

వాచీ తీసి చూపించా. ముందు అందరూ నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. వాణ్ని అడిగా, "మరి నువ్వు తియ్యనప్పుడు తీశానని ఎందుకు చెప్పావురా, తుప్పల్లో ఇసిరేసినానని కూడా ఎందుకు చెప్పావు?"

వాడు గుడ్డు తీసి మళ్లీ కాగితంలో చుట్టుకుంటూ అన్నాడు, "ఒప్పుకుంటే ఒగ్గేస్తారు కద సార్."

బెల్లు కొట్టేశారు. నేనేం చెప్పానో కూడా నాకు గుర్తులేదు.

ఆ రాత్రి బావమరిదికి ఫోన్ చేసి మొత్తం చెప్పా. వాడు నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు. "బావా, నువ్వు తెలీకుండానే మొత్తం చట్టం చెప్పేశావు. పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో ముద్దాయి మీద వాడకూడదని 1872 సాక్ష్యచట్టంలోనే రాసుకున్నారు, సెక్షన్ 25. తెల్లోళ్లు రాసిందే, అప్పటికే వాళ్ల పోలీసుల సంగతి వాళ్లకి తెలుసు. ఇప్పుడు కొత్త చట్టంలో 23. రాజ్యాంగంలో 20వ ఆర్టికల్ మూడో క్లాజు కూడా అదే, ఎవడి మీద వాడే సాక్ష్యం చెప్పుకోవాలని బలవంతం చెయ్యకూడదు. ఎందుకు పెట్టారో మీ ఎస్ఐ పాపకి ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు" అన్నాడు.

మర్నాడు వాడు స్కూలుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. క్లాసులో మాత్రం నేను అందరి ముందు తప్పు ఒప్పుకున్నా, జేబులో చెయ్యి పెట్టి చూసుకున్న సంగతి కూడా చెప్పేశా, చెప్పకపోతే వాళ్లదొక్కళ్లదే తప్పయినట్టు ఉంటుంది కదా. ఎస్ఐ పిల్ల ఏడ్చింది. ఎలా ఒప్పించారురా అని మెల్లిగా అడిగితే, ఎవరూ కొట్టలేదంట, చుట్టూ నిలబడి "నువ్వే కదా, నువ్వే కదా" అన్నారంట, "మీ నాన్నలాగే" అని ఒకడన్నాడంట, ఒప్పుకుంటే సార్ కి చెప్పం అన్నారంట. పది నిమిషాలు కూడా పట్టలేదు.

మూడోరోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లా. వాళ్లమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి పలాస వెళ్లి వారానికోసారి వస్తుంది, నాన్న హైదరాబాద్ లో అపార్ట్ మెంట్ల దగ్గర కూలి. ఇంట్లో నానమ్మ, వాడు, చిన్న చెల్లి. నానమ్మ అరుగు మీద చాప వేసి "కూకో బాబూ" అంది. నేను మొదలుపెట్టేలోపే ఆవిడే మొదలుపెట్టింది. 2017లో ఎవరిదో పొలం మోటారు, రాగి వైరు పోతే, వాడి నాన్న అంతకుముందు వారం ఆ పొలంలో కూలికి వెళ్లాడు గనక రాత్రిపూట వచ్చి తీసుకెళ్లారంట. రెండు రాత్రుళ్లు ఉంచారంట. ఏ స్టేషనో ఆవిడ చెప్పింది, నేను రాయను. తర్వాత బెయిలు, వాయిదాలు, నాలుగేళ్లు. ఆవుని అమ్మి లాయరుకి ఇచ్చారు. 2021లో కేసు కొట్టేశారు. ఆ తర్వాత దగ్గర్లో ఒక కంపెనీలో పని దొరికేలా ఉంటే, కేసున్నోడు కదా అని గేట్ పాస్ ఇవ్వలేదంట, అందుకే హైదరాబాద్.

"కేసైతే కొట్టేసినారు బాబూ. పేరు ఎవులు కొట్టేత్తారు?" అంది.

నేను వాణ్ని సారీ రా అన్నా. వాడు ఏమీ అనలేదు. కాసేపాగి, కోర్టు లోపలికి వెళ్లినవాళ్లు ఎవరని మీరు అడిగినప్పుడు నేను చెయ్యెత్తలేదు సార్, చాలాసార్లు ఎల్లినాను అన్నాడు. ఒకటో క్లాసు నుంచి నాన్నతో వాయిదాలకి వెళ్లేవాడంట, అమ్మకి పని ఉండేది గనక. జామీను అంటే ఇద్దరు కావాలని, వాళ్ల ఇంటిపన్ను రసీదో పాస్ పుస్తకమో చూపించాలని, మన పేరు మూడుసార్లు పిలుస్తారు, పలక్కపోతే వారంటు వేస్తారని, అందుకే నాన్న కోర్టు వరండాలో ఉచ్చ కూడా పోసుకోడానికి వెళ్లేవాడు కాదని, ఇవన్నీ నాకు వాడు చెప్పాడు. పద్నాలుగేళ్లు ఆ పాఠం చెప్పిన నాకు జామీనుకి ఏ కాగితాలు కావాలో ఆ రోజే తెలిసింది.

మర్నాడు వాడు స్కూలుకి వచ్చాడు.

అక్కడ్నుంచి పాఠం నా చేతిలోంచి జారిపోయింది. మంచిదే అయింది. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, దారి పట్టే టైము కాకుండా, ఇది రాజ్యాంగం 22వ ఆర్టికల్లోనే ఉంది అని చెప్తుంటే వాడు లేచాడు. "24 గంటలు ఎక్కడ్నుంచి లెక్కెడతారు సార్? జీపు ఎక్కించిన కాడ్నుంచా, కాగితం రాసిన కాడ్నుంచా?"

నాకు తెలీదు. రేపు చెప్తానన్నా. బావమరిదిని అడిగితే కాసేపు ఏం మాట్లాడలేదు, "చట్టం ప్రకారం మనిషిని కదలనివ్వకుండా పట్టుకున్న క్షణం నుంచి. కాగితం మీద మాత్రం స్టేషన్ రైటరు రాసిన టైము నుంచి. మా వాదనల్లో సగం ఈ రెండింటి మధ్యే ఉంటాయి బావా. ఎవడా పిల్లాడు?" అన్నాడు.

ఇంకో ప్రశ్న ఒక మత్స్యకారుల అమ్మాయి అడిగింది. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకి వెళ్లిన మన ఉత్తరాంధ్ర జాలర్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకెళ్లి కరాచీ జైల్లో పెట్టారు, 2020 జనవరిలో ఇరవై మందిని వాఘా దగ్గర వదిలారు. మా తీరంలో ఆ కబురు తెలియని గుడిసె లేదు, ఆ ఏడాదంతా ఇక్కడి ఆడవాళ్లు ఎలా బతికారో ఈ పిల్లలు చిన్నప్పుడు కళ్లారా చూశారు. "ఆళ్లకి 24 గంటలు లేవా సార్?" అంది. మన రాజ్యాంగం మన గడ్డ మీదే పనిచేస్తుందమ్మా, కానీ ఇక్కడ పట్టుబడ్డ పరాయి దేశం జాలరికి కూడా ఈ 24 గంటల హక్కు వర్తిస్తుంది, పౌరుడు అని రాయలేదు, ఏ మనిషైనా అని రాశారు అని చెప్పా. ఆ పిల్ల తృప్తిపడలేదు. నేనూ పడలేదు.

స్టేషన్ విజిట్ గురించి ఎక్కువ రాయను, బాగా జరిగింది అంతే. హెచ్ఎం గారి లెటర్ పెట్టాం, ఎస్ఐ గారు కుర్రాడు, గ్రూప్స్ కి కూడా రాస్తున్నాడంట, పిల్లల్ని ఓపిగ్గా తిప్పాడు. జనరల్ డైరీ చూపించాడు, రోజంతా స్టేషన్లో ఏం జరిగిందో గంట గంటకీ రాసే పుస్తకం. ఎఫ్ఐఆర్ కడితే ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి కాపీ ఉచితంగా ఇవ్వాలని, నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా సరే జీరో ఎఫ్ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి తప్ప తిప్పి పంపకూడదని చెప్పాడు. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని, ఆడవాళ్లని సాక్ష్యం కోసం స్టేషన్ కి రమ్మనకూడదు, మేమే ఇంటికి రావాలి అన్నాడు, అప్పుడు మా ఆడపిల్లలు ఒకర్నొకరు చూసుకున్నారు. పద్దెనిమిది నిండని వాళ్లు ఏదైనా చేస్తే లాకప్పులో పెట్టడం, బేడీలు వెయ్యడం లేదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి తీసుకెళ్తాం, అక్కడ ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు, అందులో ఒకరైనా ఆడవాళ్లు ఉండాలి, పేపర్లో పేరు ఫొటో రాకూడదు అని కూడా చెప్పాడు. సైబర్ మోసం అయితే 1930, గంజాయి గురించి చెప్పాలంటే ఈగల్ అనే మత్తుమందుల నిరోధక పోలీసు విభాగం వాళ్ల 1972, పిల్లలకి 1098. ఒకడు సీసీ కెమెరా చూపించి "అది లాకప్పు లోపలా ఉంటాదా సార్" అని అడిగాడు, సుప్రీంకోర్టు 2020లో అన్ని స్టేషన్లలో పెట్టమంది, మా దగ్గర ఉంది చూడు అని తీసుకెళ్లి చూపించాడు. వాడు మాత్రం గేటు బయటే మర్రిచెట్టు కింద కూర్చున్నాడు. రానంటే నేను బలవంతం చెయ్యలేదు.

పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, ఆ భాగం నేను చెప్పలేదు, మా హిందీ మేడం, పీడీ మేడం కలిసి ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడివిడిగా చెప్పారు. అది మగ టీచర్ గా నాకు చేతకాదని ఒప్పుకుంటా. స్టాఫ్ మీటింగులో మాత్రం ఒక్క విషయం నేనే చదివి వినిపించా, 2012 చట్టం ప్రకారం పిల్లల మీద అలాంటిది జరిగిందని తెలిసీ రిపోర్టు చెయ్యకపోతే అదే నేరం, స్కూలు పరువు అని ఊరుకుంటే మనమే ముద్దాయిలం అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక కోర్టు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాళ్లు స్కూళ్లలో న్యాయ విజ్ఞాన సదస్సులు పెడుతుంటారు, వాళ్లకి లెటర్ పెడితే ఒక ప్యానెల్ లాయరు మేడం స్కూలుకి వచ్చి గంట మాట్లాడారు, తర్వాత ఆవిడే మాకు కోర్టు చూడటానికి పర్మిషన్ తెప్పించారు. ఎవరైనా టీచర్లు చేయాలనుకుంటే చెప్తున్నా, అంత కష్టమేం కాదు. తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి, ఐడీ కార్డులు వేయించండి, ఫోన్లు స్కూల్లోనే వదిలేయండి, పొద్దున్న పదిన్నరకల్లా అక్కడ ఉండండి, మంచినీళ్లు మీరే పట్టుకెళ్లండి. మేం ఊర్నుంచి హైవే దాకా ఆటోల్లో, అక్కడ్నుంచి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ కి బస్సులో వెళ్లాం. 31 మంది వచ్చారు. వాడూ వచ్చాడు. స్టేషన్ కి రానివాడు కోర్టుకి వచ్చాడు.

పిల్లలకి కోర్టు హాలు చూడగానే మొదట వచ్చింది నీరసం. సుత్తి లేదు. ఆర్డర్ ఆర్డర్ అని ఎవరూ అరవలేదు. భగవద్గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం లేదు, సాక్షి నిలబడి దేవుని ఎదుట ప్రమాణం చేసి నిజం చెప్తానని అన్నాడంతే. కళ్లగంతల బొమ్మ కూడా లేదు, సుప్రీంకోర్టులో కూడా 2024లో గంతలు లేని కొత్త బొమ్మ పెట్టారు, కత్తి బదులు చేతిలో రాజ్యాంగం ఉంటుంది అని లాయరు మేడం చెప్పారు. జడ్జి గారు ఎంత మెల్లగా మాట్లాడారంటే వెనక బెంచీల్లో కూర్చున్న మాకు సగం వినపడలేదు. పిల్లలు లెక్కపెట్టారు, మేమున్న ముప్పావుగంటలో 22 కేసులు పిలిచారు, 19 వాయిదా పడ్డాయి. "అయితే ఈళ్లంతా మళ్లీ రావాలా సార్" అని ఎస్ఐ పిల్ల అడిగింది. నేను జవాబు చెప్పేలోపు వాడు చెప్పాడు, "మళ్లీ, మళ్లీ".

ఆ రోజు క్లాసుకి మాస్టారు వాడే. ఈయన బెంచ్ క్లర్కు, ఆయన ఏపీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, అదిగో ఆ గేటు లాంటి దాని వెనక నిలబడేది ముద్దాయి, ఈ కాయితం మీద గోడకి అంటించింది ఈ రోజు కేసుల లిస్టు, మన నంబరు చూసుకుని అక్కడే ఉండాలి, టీకి ఎల్తే ఇంకొకర్ని కాపలా పెట్టాలి. మిగతా పిల్లలు వాడి వెనకే. పేరు మూడుసార్లు పిలిచే బంట్రోతు గొంతు విని వాడు "ఈయన కాదు అప్పుడు, వేరే ఆయన, ఇంకా గట్టిగా పిలిచేవాడు" అన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు ప్యానెల్ లాయరు మేడం న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు చూపించి, ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 1987 చట్టం, 15100కి ఫోన్ చేసినా చాలు అని చెప్పారు. వాడు నా చెయ్యి పట్టుకుని "మా నాన అప్పుడు కస్టడీలోనే ఉన్నాడు కద సార్" అన్నాడు. ఆవు సంగతి గుర్తొచ్చింది నాకు. వాడికీ అదే గుర్తొచ్చి ఉంటుంది.

సంక్రాంతి సెలవుల ముందు క్లాసులో కోర్టు నాటకం వేశాం. ఈసారి కేసు పిల్లలే ఎంచుకున్నారు, కోడిపుంజు దొంగతనం. ఇది ఇంత రసవత్తరంగా అవుద్దని నేననుకోలేదు. కొత్త చట్టంలో దొంగతనం సెక్షను 303లో ఒక వెసులుబాటు ఉంది, మొదటిసారి తప్పు చేసినవాడు, పోయిన వస్తువు విలువ ఐదువేల లోపు ఉండి, దాన్ని తిరిగిచ్చేస్తే జైలు కాదు సమాజసేవ శిక్ష. అది చెప్పానో లేదో ఫిర్యాది వేషం కట్టినవాడు "నాది పందెం పుంజు, పదివేలు" అన్నాడు. వెంటనే ముద్దాయి తరఫు లాయరు పిల్ల లేచి "పందెం పుంజు అని రాసుకోండి జడ్జిగారూ, కోడిపందేలు నేరం, ముందు ఈయన మీద కేసు కట్టాలి" అంది. ఫిర్యాది గతుక్కుమని "కూరకోడే, కూరకోడే, ఎనిమిది వందలు" అన్నాడు. క్లాసు ఈలలు. మా పక్క రూములో లెక్కల మాస్టారు వచ్చి ఏం జరుగుతోందిక్కడ అని చూసి, అరగంట అక్కడే నిలబడి చూసి వెళ్లారు.

వాణ్ని జడ్జి వెయ్యమన్నా వద్దన్నాడు, లాయరు వద్దన్నాడు. బంట్రోతు వేషం కావాలన్నాడు. తలపాగా బదులు కండువా కట్టుకుని తలుపు దగ్గర నిలబడి పేర్లు మూడేసిసార్లు పిలిచాడు చూడండి, స్కూలంతా వినపడింది. జడ్జి వేషం పిల్లాడు మొదటిరోజే తీర్పు చెప్పేయబోతే వాడు ఒప్పుకోలేదు, "అలగెలగ? వాయిదా ఎయ్యాలి, సాక్షి రాలేదు" అని పట్టుబట్టాడు. అలా మూడు వాయిదాలు వేయించాడు, ఒక్క పీరియడ్ లో అయిపోవాల్సిన నాటకం నాలుగు రోజులు నడిచింది, నా సిలబస్ వెనకబడింది. ఆఖరికి చూసిన సాక్షి చీకట్లో చూశానన్నాడు, లైటు లేదన్నాడు, అనుమానం ముద్దాయికే అనుకూలం అని కేసు కొట్టేశారు. "మరి పుంజుని ఎవులు తిన్నారు?" అని ముందు బెంచీ వాడు అడిగాడు. తెలీదు. తెలీకుండానే ఉండిపోయింది.

సెలవులయ్యి స్కూలు తెరిచిన రెండోరోజు వాడు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. రేషన్ కార్డు, ఆధార్ల జిరాక్సుల మధ్య నాలుగు మడతలు పెట్టిన కాగితాలు. నాన్న కేసు తీర్పు కాపీ. ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఎవరూ చదవలేదు, కొట్టేశారని లాయరు నోటితో చెప్పాడంతే, నాలుగేళ్లుగా ఆ కవర్లోనే ఉంది. "దీంట్లో ఏటి రాసుందో చదవండి సార్, నానమ్మకి చెప్పాలి" అన్నాడు.

సాయంత్రం వాళ్లింటికే వెళ్లి అరుగు మీద కూర్చుని చదివా. మొత్తం ఆరు పేజీలు. పంచనామా సాక్షులు ఇద్దరూ మాట మార్చారని, స్టేషన్లో ఒప్పుకున్నాడన్న మాట తప్ప ఇంకో ఆధారం లేదని, ఆ మాట చెల్లదని. స్టేషన్లో ఒప్పుకున్నాడన్న చోట నేను ఆగాను. వాడు నా వైపు చూడలేదు, చెల్లి జడ సరిచేస్తున్నాడు. ఆఖరి పేరా నానమ్మకి తెలుగులో చెప్పా, ముద్దాయి మీద ఐపీసీ 379, అంటే దొంగతనం నేరం రుజువు కాలేదు గనక సీఆర్పీసీ 248(1) ప్రకారం నిర్దోషిగా విడుదల చేస్తున్నాం, బెయిలు బాండ్లు ఆరు నెలల తర్వాత రద్దవుతాయి అని. "నిర్దోషి అనే రాసినారా బాబూ, లేకపోతే నువ్వంటన్నావా" అని అడిగింది. రాశారమ్మా అన్నా. అయితే అది తెలుగులో రాసియ్యి, ఊళ్లో చూపిత్తాను అంది.

రాసిచ్చా, తెల్లకాగితం మీద, నాకు చేతనైనంత ముచ్చటైన రాతలో, కేసు నంబరు, తేదీ వేసి. దీని మీద స్టాంపు ఉంటాదా అంది. నా దగ్గర స్టాంపెక్కడిది, హెచ్ఎం గార్ని అడగబుద్ధి కాలేదు. పోనీలే అంది. కంపెనీ గేట్ పాస్ కోసం అసలు కాపీ జతచేసి ఒక అర్జీ కూడా రాసిపెట్టాం, దానికి ఇంకా జవాబు రాలేదు.

ఈ మధ్య ఒకసారి అటు వెళ్తే అరుగు మీద గోడకి నా కాగితం వేలాడుతోంది. సంతకి వెళ్లినప్పుడు నలభై రూపాయలిచ్చి లామినేషన్ చేయించిందంట.